కావలిలో 52 కిలోల గ్రేట్ డేన్: ఎవరికివ్వాలో తేలడంలా

కావలి పాత డ్రైవరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆర్టీసీలో 31 ఏళ్లు బండి తోలి రిటైరయినోణ్ణి. ఇట్టాంటి చోట రాయడం కొత్త. మా అమ్మాయి ఫోన్లో పెట్టిచ్చింది. తప్పులుంటే సర్దుకోండి.

నా దగ్గర ఒక కుక్క ఉండాది. గ్రేట్ డేన్, మగది. పళ్లు చూసి నాలుగైదేళ్లు ఉండొచ్చన్నాడు డాక్టరు. పేరు బస్తా. మే నెలలో మామిడికాయలకని ఉలవపాడు పోతున్నా. తెట్టు ఊరు దాటినాక హైవే పక్కన గోతం పడుంది. తెల్లారి ఆరున్నర. లారీలోంచి జారినట్టుంది, ఎవడన్నా బైకుతో ఎక్కి పడతాడు, పక్కకి లాగేద్దామని స్కూటీ ఆపి దగ్గరికి పోయినా. గోతం కన్ను తెరిచింది.

రంగు కూడా అచ్చం గోనెపట్ట రంగే. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. మెడ చుట్టూ గొలుసు ఒరుసుకుని వేలెడు వెడల్పున వెంట్రుకలు పోయి పుండు. గొలుసు మాత్రం లేదు, వదిలేసినోడు దాన్ని తీసుకుపోయినాడు. చెవుల లోపల పిడుదులు రక్తం తాగి ఆముదపు గింజల్లా వేలాడుతుండాయి. సీసాలో నీళ్లు దోసిట్లో పోస్తే తల ఎత్తకుండానే నాకాడు. అటుగా మామిడి బుట్టలేసుకుని కావలి వస్తున్న టాటా ఏస్ అబ్బాయి ఆగాడు. దుప్పట్లో వేసి ఇద్దరం చెరో కొస పట్టి ఎక్కించాం. ఆ అబ్బాయి కిరాయి తీసుకోలా. పైగా నాలుగు బంగినపల్లి కాయలు నా చేతిలో పెట్టాడు. నేను పోయిన పని ఆ రకంగా అయిపోయింది.

పాత ఇనుప కొట్టు కుర్రోడు వాణ్ణి ఎత్తుకుని కాటా ఎక్కితే, కుర్రోడి బరువు తీసేసి 38 కిలోలు తేలింది. ఈ జాతి మగది 55, 60 ఉండాలంట. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండాయి. రక్తపరీక్షలో పిడుదు జ్వరం అని వచ్చింది. 28 రోజులు డాక్సీసైక్లిన్ మాత్రలు ఉడికిన గుడ్డు సొనలో దాచి మింగించినాం. పోయిన వారం 52 తూగాడు. ఇప్పుడు ఎవరూ ఎత్తాల్సిన పన్లేదు, కాటా చూస్తే తనే ఎక్కి నిలబడతాడు. దిగమంటేనే దిగడు.

మరి ఎందుకు ఇచ్చేస్తున్నావంటే, మాది అద్దిల్లు, మేడ మీద. పద్దెనిమిది మెట్లు. ఇంటాయన మంచోడే, సంక్రాంతి దాకా ఉండనిస్తానన్నాడు. నాకు 2022లో గుండెకు స్టెంటు వేశారు. ఆగస్టులో మా ఆడమనిషి వాణ్ణి పట్టుకుని సందు చివర నిలబడుంటే పంది పిల్లలు అడ్డం వచ్చినాయి. వాడు ఒక్క ఊపు ఊపాడు. నేను వెనక నుంచి "హోల్డాన్" అని అరిస్తే వాడైతే ఆగాడు, ఈమె అప్పటికే పడింది. మణికట్టు విరిగి ఆరు వారాలు పిండికట్టు. ఇప్పటికీ ఈమె వాణ్ణి ఒక్క మాట అనదు, నన్నే అంటది. కాబట్టి "మీరే ఉంచుకోండి" అని దయచేసి ఎవరూ రాయొద్దు. ఆ లెక్క మేం వేసుకున్నాం, కుదరదు.

అడిగేవాళ్లకు కొదవ లేదు, అదే నా బాధ. అల్లూరు వైపు నుంచి ఒకాయన రొయ్యల గుంటల కాడికి కావాలన్నాడు. మొదటి మాట "కరుస్తదా?" ఇంకో కుర్రోడు నెల్లూరు నుంచి కారేసుకొచ్చాడు. వాడి కళ్లు బస్తా మొహం మీద లేవు, వెనక కాళ్ల మధ్యే ఉండాయి. క్రాసింగుకి పెడతాడంట, ఒక్కో పిల్ల ఇంతకి పోతుందని నాకే లెక్క చెప్పాడు, నాకూ వాటా ఇస్తాడంట. ఒక డూప్లెక్స్ ఆయన, గృహప్రవేశం ముందు కావాలి అన్నాడు. నున్నటి పాలరాయి నేల. వాడు దాని మీద జారి కాళ్లు నాలుగు దిక్కులకి పోతాయి. ఒక కోళ్ల ఫారం ఆయన. ఇక్కడ నేనో నిజం చెప్పాలి, మా ఎదురింటి వాళ్ల పెట్టని బస్తా ఒకటి తినేశాడు. 600 కట్టినా. కోళ్ల ఫారంలో ఏం కాపలా కాస్తాడు వాడు.

ఆకారం చూసి అందరూ సింహం అనుకుంటారు. వాడు అరవడు. అయిదు నెలల్లో నేను విన్నది మూడు సార్లు. కర్ర చూస్తే, చీపురు కట్ట చూస్తే, ముడిచిన గొడుగు చూసినా సరే, గోడ వైపు మొహం పెట్టి నిలబడతాడు. మనిషి పక్కన నిలబడితే మెల్లగా బరువంతా ఆనిచ్చి ఒరిగిపోతాడు. టపాకాయలంటే మంచం కింద దూరాలని చూస్తాడు, మంచం లేస్తది.

నేను అడిగేది ఇది. ఏడుగురిని కాదన్నా. మా బావమరిది "నీకు కుక్కకి పెళ్లి సంబంధం చూస్తున్నట్టుండాది" అని ఎగతాళి చేస్తుండాడు. నేను మరీ బిగిసి పోతున్నానా? ఇచ్చే చోటు సరైందో కాదో ముందే ఎట్టా పసిగట్టేది? ఇచ్చినాక తేడా వస్తే వెనక్కి ఎట్టా తెచ్చుకునేది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అయితే మేలు, పోయి చూసొచ్చే దూరం ఉండాలి.

విడవలూరు గుంటలాయన

అన్నా, మీరు రాసింది చూసి ముందు కోపం వచ్చింది. గుంటలోళ్లంతా ఒకటే అనుకోవద్దు. కానీ మీరు ఇవ్వకపోవడమే కరెక్టు, ఆ కారణాలు నేనే చెబుతా.

ఇప్పుడు ఎవరూ కుక్కని గుంట గట్ల మీద తిరగనివ్వరు. రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ తెగులు భయం. ఒక గుంటలో కాలు పెట్టి ఇంకో గుంటలోకి దిగితే తెగులు మోసుకుపోతుందని పీతలకీ కుక్కలకీ అడ్డంగా చుట్టూ వలలు కడుతున్నాం. అంటే దాని బతుకు మేత గోడౌన్ ముందు రెండు గజాల గొలుసు. పగలంతా రేకు కింద వేడి, రాత్రంతా నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ల మోత. నీటికాకులు వాలితే కుర్రోళ్లు టపాకాయలు పేలుస్తారు. మీ వాడికి అదే పడదంటున్నారు. పట్టుబడి అయిపోయి గుంట ఎండగట్టినప్పుడు కాపలా కుర్రోళ్లు వాళ్ల ఊళ్లకి పోతారు. అప్పుడు దానికి అన్నం పెట్టేదెవరు? నా కుక్క కూడా ఒక పంటకాలం అట్లా సగమై కనపడింది. అప్పటి నుంచి ఇంటి దగ్గరే ఉంచుకున్నా. దొంగతనాలకి కెమెరా పెట్టుకోవడమే.

నెల్లూరు నుంచి ఒకరు

ఇంత ఆలోచన దేనికండీ? ఏదైనా షెల్టర్‌లో వదిలేయండి. అయినా పెద్ద జాతి కుక్కల్ని ప్రభుత్వం నిషేధించింది కదా?

పశుసంవర్ధక సహాయకుడు, కందుకూరు దగ్గర

పై ఆయనకి: నిషేధం మాట వాట్సాప్‌లో తిరిగింది. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల మీద రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ 23లో గ్రేట్ డేన్ అసలు లేదు. ఇక ఎక్కడో ఒక చోట వదిలేసి రావడం 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. తెట్టు దగ్గర ఎవరో చేసింది అదే.

పెద్దాయనా, మీకు ఒకటే ముఖ్యమైన మాట. ఇచ్చే ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. తర్వాత కాదు, ముందు. "చేయిస్తాం లెండి" అన్న మాట నమ్మొద్దు. ఆపరేషన్ అయిన మగ కుక్క అని చెప్పగానే మీకు వచ్చే ఫోన్లలో సగం ఆగిపోతాయి. ఆగిపోయినవన్నీ మీకు అక్కర్లేని ఫోన్లే. ఆ నెల్లూరు కుర్రోడు మళ్లీ రాడు. పిడుదు జ్వరం వచ్చి తగ్గింది కాబట్టి ముందు రక్తంలో ప్లేట్‌లెట్లు మళ్లీ చూపించి, డాక్టరు సరే అన్నాకే చేయించండి.

రెండోది చాలామందికి తెలీదు. ఈ జాతికి రొమ్ము లోతు ఎక్కువ. కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోయే జబ్బు మిగతా కుక్కల కంటే వీటికి ఎక్కువ. డొక్కలు డోలులా బిగుస్తాయి, కక్కాలని చూస్తుంది కానీ ఏమీ రాదు, చొంగ కారుస్తూ ఒక చోట నిలవదు. అది కనిపించాక గంటల్లో ఆపరేషన్ జరగాలి. "పొద్దున చూద్దాం" అంటే పొద్దునకి ఉండదు. అందుకని ఒకేసారి గిన్నెడు పెట్టకుండా రెండు మూడు పూటలు పంచి పెట్టండి, తిన్నాక గంట సేపు పరిగెత్తనివ్వొద్దు. ఎలాగూ మత్తు ఇస్తారు కాబట్టి అదే పనిలో కడుపుని పక్క గోడకి కుట్టేయడం కూడా కుదురుతుందేమో తిరుపతి వెటర్నరీ కాలేజీలో అడగండి. అలా కుడితే ఉబ్బినా మెలితిరగడం చాలా అరుదు. తీసుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ల మొహం చూడండి. "దగ్గర్లో డాక్టరు ఎంత దూరం" అని వాళ్లు తిరిగి అడిగితే మంచి గుర్తు.

రేబిస్ టీకా వేసిన తేదీ పుస్తకంలో రాయించారా? ఏటా జులై 6న జూనోసిస్ డేకి (జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల దినం) పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తాం. పుస్తకం కుక్కతో పాటు పోవాలి.

ఒంగోలు టీచరమ్మ

నేనొక తప్పు చేశాను, అది చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నా.

బదిలీ వచ్చినప్పుడు మా లాబ్రడార్‌ని ఒకరికి ఇచ్చాను. చదువుకున్నవాళ్లు, పెద్ద కాంపౌండు, పూలకుండీలు, గేటు పక్కన కుక్కకి టైల్స్ వేసిన చిన్న గది. నేను ఆ గది చూసి మురిసిపోయా. మూడు నెలలకి అటు పనిబడి చెప్పకుండా పోతే గేటుకి తాళం, వాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. పక్కింటి పనమ్మాయి రోజుకొకసారి గేటు సందులోంచి అన్నం తోస్తోంది. నా గొంతు వినగానే అది లేచిన తీరు నేను ఇక్కడ రాయలేను. ఆ సాయంత్రమే వెనక్కి తెచ్చుకున్నా, గొడవ పెద్దదే అయింది.

ఇల్లు చూడకండి అంకుల్. మధ్యాహ్నం రెండు గంటలకి ఆ ఇంట్లో ఎవరుంటారో చూడండి. చెప్పకుండా పోండి. ఇంకో ప్రశ్న అడగండి: "మీ ఇంట్లో పెళ్లికి అందరూ నాలుగు రోజులు ఊరెళ్తే కుక్కకి ఎవరు పెడతారు?" పెంచే ఉద్దేశం ఉన్నవాళ్లు వెంటనే ఎవరో ఒకరి పేరు చెబుతారు. లేనివాళ్లు "అదేముంది, చూసుకుంటాం" అంటారు.

కాగితం రాయించుకోండి. వేరేవాళ్లకి ఇవ్వకూడదు, అమ్మకూడదు, కుదరకపోతే మీకే తిరిగి ఇవ్వాలి అని. కోర్టులో ఎంత నిలుస్తుందో పక్కన పెట్టండి, సంతకం పెట్టడానికి ఎవరు గింజుకుంటారో మీకు తెలుస్తుంది కదా. ముందు రెండు వారాలు అలవాటుకి మాత్రమే అని చెప్పండి. అడిగే హక్కు మీ దగ్గరే ఉంటుంది.

ఒక మాట అంటే ఏమీ అనుకోరుగా. పెళ్లి సంబంధం అని మీ బావమరిది అన్నది తప్పేం కాదు, మన వాళ్లు పెళ్లి సంబంధాలు కూడా ఇంత చూడరు.

కావలి పాత డ్రైవరు

అమ్మా, మీ లాబ్రడార్ సంగతి మా ఆడమనిషికి చదివి వినిపించినా. చదవకుండా ఉంటే బాగుండేది, ఆ రాత్రి అన్నం తినలా.

ఆపరేషన్ అయింది. రక్తపరీక్ష బాగుందన్నాకే చేశారు. కడుపు కుట్టడం కూడా తిరుపతిలోనే చేయించినా. మత్తు దిగేటప్పుడు నా ఒళ్లో తల పెట్టుకున్నాడు, ఆ తల బరువుకి నా కాలు తిమ్మిరెక్కి నేను లేవలేకపోయినా. మా అమ్మాయి "ఆపరేషన్ అయిన మగ కుక్క" అని ప్రకటన మార్చి పెట్టింది. ఆ కందుకూరు బాబు చెప్పినట్టే ఫోన్లు టక్కున ఆగినాయి. వారంలో ఒకే ఒక్కటి వచ్చింది, అదీ రాంగ్ నంబరు.

ఉలవపాడు సపోటా తోట నుంచి

బాబాయ్, రాస్తున్నది నేను గానీ అడుగుతున్నది మా మామయ్య. మాకు నాలుగెకరాల సపోటా తోట, ఇల్లు తోటలోనే. మామయ్య, అత్తమ్మ, మేమిద్దరం, పాప. రెండు గేదెలు, ఒక పెయ్యదూడ. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటాం. పెళ్లికి పోయినా గేదెలున్నాయి కాబట్టి మామయ్య కదలడు, ఆయన నా పెళ్లికే ముందు రోజు రాత్రి వచ్చి మర్నాడు సాయంత్రం పోయినోడు.

ఉన్నది ఉన్నట్టు చెబుతా. కాపలా అక్కర్లేదు అని అబద్ధం ఆడను. కోతుల బాధ ఉంది. కరవక్కర్లేదు, అరవక్కర్లేదు, కనపడితే చాలు. కంచె రెండు పక్కలే ఉంది. మిగతా రెండు పక్కల జిల్లేడు, సర్కారు తుమ్మ. పాములున్నాయి. ముందున్న మా నాటు కుక్క నిరుడు రక్తపింజరి కాటుకి పోయింది. అత్తమ్మకి పెద్ద కుక్కలంటే భయం, ఆమె ఇంకా ఒప్పుకోలేదు. పశువుల డాక్టరు ఉలవపాడులోనే ఉన్నాడు గానీ కడుపు మెలితిరిగే ఆపరేషన్ ఇక్కడ అయ్యేది కాదు. కాగితం మీద సంతకానికి మామయ్య సరే అన్నాడు. ఆయనకి సంతకం రావడానికే పది నిమిషాలు పడుతుంది.

కావలి పాత డ్రైవరు

తల్లీ, చెప్పకుండా వచ్చిపోయినా, మన్నించు. మధ్యాహ్నం రెండుకే దిగినా. మీ మామయ్య పంపు షెడ్డు నీడలో తువ్వాలు మొహానేసుకుని నిద్దరపోతుండాడు. నువ్వు లేవు. మీ అత్తమ్మ చింతపండు గింజలు తీస్తా, ఎవరని కూడా అడక్కుండా మంచినీళ్లు ఇచ్చింది. దారి తప్పినానని చెప్పినా. కాసేపు కూర్చున్నా. మీ పెయ్యదూడ మెడ తాడుకి పాత చీర గుడ్డ చుట్టి ఉండాది, ఒరుసుకోకుండా. అది ఎవరు చుట్టారని అడిగితే మీ అత్తమ్మ "నేనే, ఏం?" అన్నది.

ఆదివారం తీసుకొస్తా. అలవాటుకి రెండు వారాలు. కంచె మిగతా రెండు పక్కలా కట్టేదాకా రాత్రిపూట షెడ్డు లోపల ఉంచాలి. గొలుసు వద్దు, నేను వెడల్పాటి గుడ్డ పట్టీ కుట్టిచ్చినా. పాత బస్సు సీటు స్పాంజి ఒకటి తెస్తా. గచ్చు మీద పడుకుంటే ఈ జాతికి మోచేతుల కాడ కాయలు కాసి పుండు పడతాయి. మూడు పూటల తిండి లెక్క మా అమ్మాయి రాసిచ్చింది. కోడి ఎముకలు ఉడికినవి పెట్టొద్దు, అవి చీలి పేగులో గుచ్చుకుంటాయి. మీకు కోళ్లుంటే నా పూచీ లేదు.

ఒంగోలు టీచరమ్మ

అత్తమ్మగారు ఒప్పుకున్నారా?

ఉలవపాడు సపోటా తోట నుంచి

ఒప్పుకోలేదండీ. బండి దిగి నేరుగా పోయి ఆమె మీదే ఒరిగాడు. ఆమె అరుగు మీద చతికిలపడింది. "తియ్యండ్రా వీణ్ణి" అని అరుస్తానే చెవి గోకుతా ఉంది.

బాబాయ్, ఒక సమస్య. మూడో రోజు ఇది. షెడ్డు వాకిట్లో ఆ స్పాంజి మీద పడుకున్నోడు లేవడం లేదు. జ్వరం లేదు, ముక్కు తడిగానే ఉంది, కడుపు మెత్తగా ఉంది. అన్నం పడుకునే తింటున్నాడు. బస్తా బస్తా అంటే తోక ఊపుతాడు, కదలడు. ఒంటికి రెంటికి మాత్రం అర్ధరాత్రి తనే పోయొస్తున్నాడు. మామయ్య దిగులు పడి డాక్టరుని పిలవమంటున్నాడు.

కావలి పాత డ్రైవరు

డాక్టరు వద్దు తల్లీ. నాదే తప్పు, అన్నీ రాసిచ్చి అది రాయలా. పేరుతో పిలిస్తే వాడు లేవడు. ఇక్కడ మెట్లు దిగేటప్పుడు నేను తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి ఒక మాట అనేవాణ్ణి, ముప్పై ఏళ్లు కండక్టర్ల నోట విని విని నా నోటికీ అదే వస్తది. షెడ్డు రేకు మీద రెండు సార్లు కొట్టి, గట్టిగా "రైట్ రైట్" అనండి.

ఉలవపాడు సపోటా తోట నుంచి

మామయ్య అంటే లేవలేదు, సిగ్గుపడి గొణిగాడు. అత్తమ్మ అన్నది. లేచి సపోటా చెట్ల చివరిదాకా పోయాడు, వెనకాలే ఆమె. ఆపడానికి మీరు పైన రాసిన "హోల్డాన్" ఏగా బాబాయ్? ఆమెకి నోరు తిరగడం లేదు, "ఓలుడన్" అంటోంది. ఆగుతున్నాడు.